చంపిన చెయ్యే పడుకోబెట్టాలి

1. ఊరు దిగిన ఏడు 62, మాఘ శుద్ధ విదియ

నా పేరు శిందే సుంకులమ్మ. వయసు డెబ్బై నాలుగు. ఎండకు తాళలేక ఊరు భూమి కిందికి దిగిన నాటికి నాకు పన్నెండేళ్ళు, కాబట్టి ఈ లెక్కలో తప్పు పోదు. ఉండేది నాలుగో అంతస్తు, ఆవిరి గొట్టం పక్క ఇల్లు. ఇంట్లో నేను, నా చెల్లెలి మనవరాలు వన్నూరి, పెట్టెలో నూట ఆరు తోలుబొమ్మలు. పది రోజుల క్రితం వన్నూరి పరుపు చుట్టుకుని రెండో అంతస్తుకు వెళ్ళిపోయింది. ఇంటి చీటీలో దాని పేరు ఇంకా ఉంది. కొట్టేయమని నేను చెప్పలేదు. చెప్పను.

నాకు చదువు రాదు. ఈ మాటలు రాస్తున్నది మా అంతస్తు లిఫ్టు ముప్పై ఏళ్ళు నడిపిన పెన్నోబిలేసు. గోడలో ఉన్న రాత యంత్రానికి చెప్పుకోవచ్చు కదా అంటారు. చెప్పి చూశాను. "నన్ను మోసం చేశారు" అన్నాను. అది తిరిగి చదివి వినిపించింది: "ఈ నిర్ణయం నాకు కొంత అసంతృప్తి కలిగించింది." నా నోట్లోంచి అంత మెత్తని మాట పుట్టినప్పటి నుంచి రాలేదు. అందుకే మనిషి చేత కాగితం మీద రాయిస్తున్నాను.

ఆటల సభ వారు నా మీద మోపిన నేరం ఇది. మూడో అంతస్తు ఆటశాల గుమ్మంలో తొమ్మిది రోజులు కూర్చుని, ఆట గంటలో శోకాలు పెట్టి, పిల్లల వ్యాయామం చెడగొట్టానట. ఫిర్యాదు ఇచ్చింది వన్నూరి. ఏకాదశి నాడు విచారణ. "నా ఏడుపు పిల్లలకు హాని, ఇక ఏడవను" అని వాళ్ళే రాసి తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వేస్తే వదిలేస్తారు. వేయకపోతే ఇక ఏ అంతస్తులోనూ నలుగురిలో పాడకూడదు, నా పెట్టె సభవారి గదికి పోతుంది.

ఏడ్చావా అంటే ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో చెబుతాను. అడ్డం రాకుండా వినండి.

2. తదియ

ఈ పూట తొట్టెలో తోలు తేలింది. మేకలు లేని లోకంలో తోలు తొట్టెలోనే పెరుగుతుంది, పులిసిన అంబలి మీద తెట్టు కట్టినట్టు. దాన్ని ఎత్తి, గాజు పెంకుతో గీరి, ఆవిరి గొట్టం మీద ఆరేశాను. పెన్నోబిలేసు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ కంపులో న్యాయం యాడ దొరుకుతాదక్కా?" అన్నాడు.

"కంపు గూడా రాయి. సభలో కూసున్నోళ్ళకు ఈ వాసన తగిలి ఎన్నేండ్లయిందో" అన్నాను. రాశాడు.

మా ఇంట్లో బొమ్మ చేయడానికి ఒక పద్ధతి ఉంది. తోలు కోసి, రంగులు వేసి, నగలు మెరవాల్సిన చోటల్లా ఉలితో చిల్లులు పెడతాం. కన్ను మాత్రం ఆఖరున తొలుస్తాం. కన్ను పడ్డాక ఇంటి పెద్ద దీపపు మసిలో బొటనవేలు అద్ది, బొమ్మ పాదం వెనక ముద్ర వేయాలి. ఈ బొమ్మ చేసే మంచికీ చెడుకూ నాది పూచీ అని దాని అర్థం. ఆ ముద్ర లేని బొమ్మ తెర మీదికి ఎక్కదు.

ఇంకో పద్ధతి ఉంది. తెర మీద యుద్ధాలు జరుగుతాయి, తలలు తెగుతాయి. తెగాల్సిందే. కాని చంపిన బొమ్మను ఏ చెయ్యి ఆడించిందో, చచ్చిన బొమ్మను ఆ చెయ్యే పడుకోబెట్టాలి. నీళ్ళు చిలకరించి, పేరుతో పిలిచి, నలభై ఊపిరులంత సేపు దాని కోసం ఏడవాలి. రాక్షసుడైనా సరే. ఆ ఏడుపు ముగిసేదాకా ఆ చెయ్యి ఇంకో బొమ్మను ముట్టకూడదు. మా అమ్మ నాకు ముందు నేర్పింది ఏడవడం. కత్తి తిప్పడం ఆ తర్వాత.

వన్నూరికి ఐదేళ్ళప్పుడు వాళ్ళమ్మ ఆవిరి జ్వరంతో పోయింది. అప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. దానికీ నేను అదే వరసలో నేర్పాను. తర్వాత అది రెండో అంతస్తులో ఆటలు అల్లే పని నేర్చుకుంది. ఇక్కడ పిల్లలు పరుగెత్తడానికి నేల లేదు కాబట్టి రోజుకొక గంట ఆటశాలకు పోవాలని చట్టం. కళ్ళకు తొడుగు పెట్టుకుని, కాళ్ళ కింద కదిలే నేల మీద ఎగరాలి, దూకాలి. తొడుగులో ఎన్నడూ చూడని మామిడితోటలు, గాలిపటాలు. పిల్లలు విసుగెత్తి నిలబడి నిద్రపోయేవారు.

మూడేళ్ళ క్రితం ఒకరోజు వన్నూరి పెట్టె మూత తెరిచి కూర్చుంది. "జేజీ, వీళ్ళందర్నీ ఆటలోకి తీస్కపోదాం" అంది. "పిల్లోళ్ళు ఉత్తగ చూసేది కాదు, వాళ్ళే తెర మీదికెక్కి యుద్ధం చేయాల."

"మరి పడినోణ్ణి ఎవరు పడుకోబెట్టాల?" అన్నాను.

"కొట్టిన పిల్లే పడుకోబెట్టాల. నువ్వు ఏడుస్తావు, అది మోకాళ్ళ మీద కూసోని వినాల. నీ ఏడుపు అయ్యేదంక చేతిలో కత్తి బరువెక్కుతాది, లేవనే లేవదు."

కత్తి బరువెక్కడమన్న ఆలోచన దానిదే. నాకు తట్టలేదు, మా అమ్మకూ తట్టలేదు. నేను దాని నుదురు ముద్దు పెట్టుకున్నాను. ఇది కూడా రాయి పెన్నోబిలేసూ. తర్వాత జరిగింది తెలియాలంటే ఇది తెలియాలి.

నలభై రోజులు నా చేతులకు మెరిసే చుక్కలు అంటించి చేతుల కదలిక పట్టుకున్నారు. కాళ్ళ కింద చెక్కలు తొక్కి గుర్రాల పరుగు చప్పుడు చేశాను. గొంతు ఇచ్చాను. నూట ఆరుగురికీ నూట ఆరు ఏడుపులు ఏడ్చాను, ఒకదానిలా ఒకటి ఉండకుండా. సున్నపుపళ్ళోడికి వేరు, బొల్లికన్నోడికి వేరు.

3. పంచమి

నిన్న నీళ్ళ వంతు మా వరసది. బిందెలు మోసి నడుము పట్టేసింది, అందుకే చెప్పలేదు.

ఆట పూర్తికాక ముందే మచ్చుకు ఒక ముక్కను మూడో అంతస్తు పిల్లలకు ఇచ్చారు. అందులో యుద్ధం ఒక్కటే ఉంది, ఏడుపు ఇంకా అతకలేదు. నాలుగో రోజున లిఫ్టు వరసలో ఒక పిల్ల గొట్టం ముక్క పట్టుకుని, ఆటలో అరిచినట్టే అరుస్తూ, పక్క పిల్లను కొట్టింది. దెబ్బ తిన్న పిల్ల పేరు షాహీన, పదకొండేళ్ళు. మోచెయ్యి రెండు చోట్ల విరిగింది. వాళ్ళమ్మ హుసేన్‌బీ పుట్టగొడుగుల మడుల్లో పని చేస్తుంది. కత్తి పట్టే ఆటలన్నీ నిషేధించాలని ఆమె ఆరు వందల మంది చేత సంతకాలు పెట్టించి సభకు వచ్చింది.

ఆ రోజు సభ నిండిపోయింది. హుసేన్‌బీ కూతురి కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపింది.

"మీ బొమ్మల చెయ్యి కాదు ఇరిగింది, నా బిడ్డది. కళ కళ అంటాండారు. మీ కళకు నా బిడ్డ ఎముకే దొరికిందా?"

వన్నూరి లేచింది. "షాహీనకు జరిగింది తప్పే. కాని ఒక కథలోంచి కత్తి తీసెయ్యాలని సభ తేలిస్తే, రేపు ఇంకో కథలోంచి కోపం తీసేస్తారు, ఆమీట ఏడుపు తీసేస్తారు. ఏం మిగుల్తాది? మామిడికాయలు ఏరుకునేదా?"

ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఆమీట ఏడుపు తీసేస్తారు అని అన్నది వన్నూరే.

నేనూ లేచాను. "అరవై ఏండ్లు తలకాయలు నరికినా సామీ, తెర మీద. యా పిల్లోడూ ఇంటికి పోయి ఎవుర్నీ నరకల్యా. ఏంటికంటే నరికినాక ఏం జేయాల్నో గూడా చూసి పోయినారు. మా ఆట మొత్తం పెట్టండి, ల్యాకుంటే మొత్తం తీసేయండి. సగం పెట్టొద్దు."

జనం చప్పట్లు కొట్టారు. హుసేన్‌బీ కొట్టలేదు. నన్ను ఎగాదిగా చూసి, "ముసల్దానికి నోరుండాది" అంది పక్కనామెతో, నాకు వినపడేటట్టే.

సభ పెద్ద ఓబుళపతి మెత్తని మనిషి. నోట్లో ఎప్పుడూ లవంగం ఉంటుంది. "ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పరీక్ష పెట్టి తేలుద్దాం" అన్నాడు. ముప్పై మంది పిల్లలకు నాడి చూసే కడియాలు తొడిగి పూర్తి ఆట ఆడించారు. ఫలితం మాకెవరికీ చెప్పలేదు.

వారం తర్వాత ఒక సాయంత్రం వన్నూరి ఇంటికి వచ్చింది. చేతిలో వెలిగే పలక. నేను అన్నం వారుస్తున్నాను.

"ఆట ఒప్పుకున్నారు జేజీ" అంది.

"మొత్తమా?"

"ఒప్పుకున్నారు" అంది మళ్ళీ. అప్పుడే వినాల్సింది నేను. అడిగినదానికి కాకుండా వేరేదానికి బదులు చెప్పింది. "బొమ్మకు ముద్ర ఎయ్యాల గదా. ఇంటికి పెద్దదానివి."

దీపపు మసి లేకుండా ముద్రేమిటి అని నవ్వాను. వేలు పొయ్యి దగ్గర మసిలో అద్ది మరీ పలక మీద పెట్టాను. పలక నల్లబడింది, తుడిచి మళ్ళీ పెట్టించింది. నేను పూచీ పడుతున్నాననుకున్నాను. అది మా ఇంటి పద్ధతి కాబట్టి, దాని ఇంటి పద్ధతి కూడా అదే కాబట్టి, ఏం రాసి ఉందని అడగలేదు.

4. సప్తమి

ఆట మొదలుపెట్టిన నాడు నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. తొడుగు నా కళ్ళకే మొదట పెట్టారు. తెర వెలిగింది. మా సున్నపుపళ్ళోడు ఎదురుగా నిలబడ్డాడు, నిజంగా తోలు గుండా వెలుతురు వస్తున్నట్టే. వాడి మెడ మీద మా నాయన తొలిచిన హారం. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కత్తి తిప్పాను. నా చేతి కదలికతోనే వాడు నా మీదికి వచ్చాడు, నా చేతి కదలికతోనే వాణ్ణి కొట్టాను. పడ్డాడు.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. నడుము నొప్పిగా ఉన్నా కూర్చున్నాను. నా గొంతు కోసం ఎదురుచూశాను.

వాడు దీపం ఊదినట్టు మాయమైపోయాడు. నా గొంతు వినపడింది. "శభాష్ రా తల్లీ!" అంది.

చేతిలో కత్తి దూదిలా తేలిగ్గా ఉంది. ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు.

ఆ శభాష్ నాది. నలభై రోజుల్లో ఒకరోజు వన్నూరి నా పక్కన చెక్కలు తొక్కి, దాని చిన్నప్పటి నుంచి కుదరని గుర్రపు నడకను మొదటిసారి తప్పు లేకుండా తొక్కింది. అప్పుడు అన్నాను, దానికి అన్నాను. ఆ మాట కోసి తెచ్చి శవం మీద పెట్టింది.

పరీక్ష ఫలితం తర్వాత పెన్నోబిలేసు చదివి వినిపించాడు. చంపేటప్పుడు ముప్పై మంది నాడీ సాఫీగా కొట్టుకుందట. ఏడుపు వినేటప్పుడు నాడి తప్పిందట. పదకొండు మంది ఏడ్చారట, ఇద్దరు అమ్మ దగ్గరికి పోతామన్నారట. కాబట్టి యుద్ధం క్షేమం, ఏడుపు హాని. ఏడుపులన్నీ తీసివేయడానికీ, ఎక్కడా నకలు ఉంచకుండా చెరిపివేయడానికీ శిందే సుంకులమ్మ ఒప్పుకుని వేలిముద్ర వేసిందట.

నూట ఆరు ఏడుపులు. ఇప్పుడవి నా గొంతులో తప్ప ఎక్కడా లేవు.

మరునాడు పోయి ఆటశాల గుమ్మంలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల నలభై మంది పిల్లలు. గుమ్మం పైన పలక మీద ఎంతమంది పడ్డారో అంకె వెలుగుతుంది. చదువు రాకపోయినా అంకెలు వచ్చు. గాలి మిషను ఆగితే కూత వినపడాలని తొడుగులు చెవులను మూయవు. ఒకటి వెలగగానే మొదలుపెట్టాను.

"ఎవరు కన్న కొడుకువో నాయనా, ఎవరి ఒళ్ళో కాళ్ళాడించినావో,
నీకు తల అంటిన చేతులు ఏ వాకిట్లో ఎదురుచూస్తాండాయో,
నా చేతిలో పడితివి, నా చేతిలోనే పడుకో."

ఒక్కొక్కరికి నలభై ఊపిరులు. ఒకరిని ముగించి తల ఎత్తేసరికి అంకె ఇరవై దాటింది. గంట అయ్యేసరికి నాలుగు వందల పదకొండు మంది పడ్డారు. నేను పడుకోబెట్టింది పంతొమ్మిది మందిని.

మొదటి రోజు పిల్లలు నవ్వారు, నా రాగం పట్టుకుని వెక్కిరించారు. మూడో రోజు ఒకడు "జేజమ్మా, నేను ఇప్పుడు చంపినోడికి ఏడువు" అని అరిచాడు. ఐదో రోజు చెయ్యి బాగైన షాహీన మొదటిసారి ఆటశాలకు వచ్చింది. ఒకణ్ణి కొట్టి, నా ఏడుపు విని, నేల మీద కూర్చుంది. కత్తి బరువు లేదు, ఎవరూ కూర్చోమనలేదు. ఏడుపు ముగిసేదాకా లేవలేదు. తర్వాత ఇంకో ఇద్దరు కూర్చున్నారు. తొమ్మిదో రోజు గంటకు పడినవారు నూట తొంభై ఇద్దరే. పిల్లల కదలిక సగానికి తగ్గిందని, ఆటకు నష్టమని, వన్నూరి ఫిర్యాదు ఇచ్చింది.

5. నవమి

ఈ పొద్దున వన్నూరి వచ్చింది. గుమ్మం దాటలేదు. పెన్నోబిలేసు లేవబోతే కూర్చోమన్నాను, కలం ఆపొద్దన్నాను. మాట్లాడింది మాట్లాడినట్టు రాశాడు.

"ముద్ర ఏసేయి జేజీ. పెట్టె పోతాది."

"నా వేలు ఒకసారి తీస్కపోయినావు గదమ్మే. ఇంకా యాడుండాది?"

"మొత్తం ఆపేస్తామన్నారు. మా పనిగదిలో పదకొండు మందిమి. మన బొమ్మలు ఒక్కటి గూడా తెర మీదికి వచ్చేవి కావు. సగమన్నా బతికిస్తిని."

"యా సగం?"

అది నేల చూసింది. తల ఎత్తింది. ఆ మొండితనం నాదే. "ఆట నేను అల్లినా. కత్తి బరువెక్కేది నేను పెట్టినా, నేను తీసినా. ఏం పెట్టాల్నో ఏం తీయాల్నో నా ఇష్టం కాదా? సభ ముందర నా స్వేచ్ఛ కోసం లేచి మాట్లాడినావే, ఆ స్వేచ్ఛ నీ ఏడుపు దగ్గరికి వచ్చేసరికి ల్యాకపోయిందా?"

తోలు తిరగేసి మళ్ళీ ఆరేశాక చెప్పాను.

"తీసేయమ్మా. నీ ఆట, నీ ఇష్టం. ఏడుపు తీస్తే నా చేతులు గూడా తీసేయి, నా గొంతు తీసేయి. నీ చేతుల్తో నరుకు, నీ గొంతుతో శభాష్ అను. అప్పుడు నేనేమంటాను? కాని నా చేతుల్తో నరికించి, నన్ను ఏడవనీకుండా చేస్తివే. నాకు చెప్పి చేసింటే కొట్లాడుకునేవాళ్ళం. అన్నం వార్చేటప్పుడు వచ్చి, ముద్ర ఎయ్యి జేజీ అంటివి."

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ల్యా."

"అందుకే చెప్పల్యా" అంది, ఏడుస్తూ. ఎంతసేపు ఏడుస్తుందో అని చూశాను. నలభై ఊపిరులు రాకముందే కళ్ళు తుడుచుకుని లిఫ్టు ఎక్కింది. తినిపోతావా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

6. దశమి

ఈ పూట గుమ్మంలో హుసేన్‌బీ నిలబడింది. చేతిలో బుట్టెడు పుట్టగొడుగులు. నేను లేవలేదు.

"ఇంకా తిట్టేది మిగిలిందా?" అన్నాను.

"మస్తుగా మిగిలింది. కూసోనిస్తే తిడతా" అని తనే కూర్చుంది. "ఓబుళపతి నాకేం చెప్పినాడో తెల్సా? నీ మాట మన్నించి ఆటలో హాని ఉండే ముక్క తీసేసినామమ్మా అన్నాడు. కత్తి తీసేసినారని నేను సంతోషపడి సంతకాల కాగితం వాపసు తీసుకుంటి. నా బిడ్డ ఇంటికొచ్చి చెప్తాది, కత్తి అట్లే ఉండాదమ్మీ, జేజమ్మ ఏడుపు తీసేసినారు అని."

"నీతో గూడా ముద్ర ఏయించినారా?"

"నాకు సదువొచ్చు. సదివే ఏసినా. మాటలు మెత్తగా ఉన్నాయక్కా."

ఇద్దరం కాసేపు పుట్టగొడుగులు ఒలిచాం.

"కత్తి ఉండకూడదనే అంటా నేను. రేపు గూడా అదే అంటా" అంది.

"ఉండాలనే అంటా నేను."

"అనుకో. మా షాహీనను కొట్టిన పిల్ల మొన్న ఇంటికొచ్చింది. నీ ఏడుపు రాగం తీస్తా దీని మోచెయ్యి నిమిరింది. మూడు నెల్లు అయింది, సభోళ్ళు కౌన్సిలింగు అన్నారు, క్షమాపణ చీటీ రాయించినారు, ఏదీ పనికి రాల్యా. అందుకొచ్చినా. సాక్షి సంతకం యాడ పెట్టాల?"

ఇదీ నా వాదం. సభవారు ఆట ఆపుతారో నడుపుతారో నేను అడగడం లేదు. నేను అడిగేది ఒకటే. నా చేతులు ఆ ఆటలో ఉన్నంత కాలం నా ఏడుపు కూడా ఉండాలి. చెరిపేశామంటే మళ్ళీ ఏడుస్తాను, చుక్కలు అంటించండి. లేదంటే నా చేతులూ గొంతూ తీసేయండి, ముఖ్యంగా ఆ శభాష్. అది వన్నూరిది, దానికి ఇచ్చేయండి. ఏడవనని మాత్రం ముద్ర వేయను. పెట్టె తీసుకుపోతే పోండి, నూట ఆరుగురి పేర్లూ నాకు నోటికి వచ్చు.

తొమ్మిది రోజుల్లో ఆ ఒక్క ఆటశాలలో పడినవారు రెండు వేల ఎనిమిది వందల నలుగురు. నేను పడుకోబెట్టింది నూట డెబ్బై ఒక్కరిని. రేపు విచారణకు ముందు గంటసేపు ఖాళీ ఉంటుందట. ఆ గంటలో ఇంకో పంతొమ్మిది మంది అవుతారు.

నా బొటనవేలు ఇక ఏ పలక మీదా, ఏ కాగితం మీదా పడదు. ఈ కాగితం కింద బొమ్మకు తొలిచినట్టు ఉలితో ఒక కన్ను తొలుస్తున్నాను. వెలుతురుకు పట్టి చూడండి, అవతలి పక్క కనపడుతుంది. అదే నా గుర్తు.

శిందే సుంకులమ్మ, ఉలి గుర్తు.

సాక్షి: కమ్మరి పెన్నోబిలేసు, నాలుగో అంతస్తు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసినవాడు.

సాక్షి: షేక్ హుసేన్‌బీ, మూడో అంతస్తు. ఈ ఆటను నిషేధించమని అడిగినది, ఇప్పటికీ అడుగుతున్నది.